దూరము - ప్రయాణకాలము

బిడ్డలు అమెరికాయందు స్థిరపడిన ఇండ్లు నేడు బెంగుళూరు తెలుగువారిలో కొల్లలు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరము, ఎన్ని గంటల ప్రయాణము అని పెద్దలు తరచుగా ప్రశ్నించుచుందురు. ఇది పొద్దుపోక అడుగు ప్రశ్న కాదు. ఇంట కష్టము సంభవించిన దినమున కన్నకొడుకునకు కడసారి చూపు దక్కునా లేదా యనునది ఈ లెక్కపైననే ఆధారపడి యుండును.

దేవనహళ్ళి విమానాశ్రయమునకును శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయమునకును అతి దగ్గర త్రోవ సుమారు 14,000 కిలోమీటర్లు. గోడపటమును చూచినవారు ఈ దగ్గర త్రోవ పసిఫిక్ సముద్రముమీదుగా తిన్నగా తూర్పునకు పోవు ననుకొందురు. భూమి గుండ్రని దగుటచే అది పొరపాటు. గోళముపై రెండూళ్ళ నడుమ దారమును బిగించి పట్టినచో అది ఉత్తర ధ్రువము దాపునకు పోవును. ఈ రెండూళ్ళును ఇంచుమించుగా భూగోళమునకు ఆ ప్రక్క ఒకటి, ఈ ప్రక్క ఒకటిగా నుండుటయే ఇందులకు కారణము.

2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము, నడిపినవారందరును స్త్రీలే కాగా, ఎక్కడను దిగక 11వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరు చేరినది. తేదీలను బట్టి చూచిన రెండు దినములు పట్టినట్లు తోచును. వాస్తవముగా పట్టినది సుమారు 17 గంటలే. శీతకాలమున అచ్చటి గడియారము మనకంటె పదమూడున్నర గంటలు వెనుకబడి యుండును గనుక నడుమ ఒక తేదీ లెక్కలో కరగిపోయినది. ఇచ్చట మధ్యాహ్నము ఎక్కి నేరుగా పోగలిగినచో, ఆ దినము సాయంకాలముననే అచ్చట దిగవచ్చును.

అయినను ఆ 17 గంటలు ఆకాశములో గడచునవి మాత్రమే. నేరుగా పోవు విమానము ఎల్లప్పుడును దొరకదు. నడుమ మారవలసి వచ్చినచో ప్రయాణము 20 గంటలు మించును. మూడు గంటలు ముందుగా చేరుట, రహదారి ప్రయాణము, దిగిన పిదప తనిఖీ, ఇవన్నియు కూడినచో ఇంటినుండి ఇంటికి ఒక పగలు, ఒక రాత్రి నిండును.

కావున మా మనవి యిది. దుర్వార్త తెలిసినప్పుడు "రేపటికి వచ్చును" అని తొందరపడి మాట యీయవద్దు. "ఇక అందుకొనలేడు" అని నిరాశపడి కార్యము ముగింపను వద్దు. తేదీలను విడిచి గంటలను లెక్కింపుడు. దూరదేశముననున్న బిడ్డలు తమ పాస్‌పోర్టు, వీసాల గడువులను నేడే చూచుకొనవలెను. ఒంటరిగా పోవు వృద్ధులు, టిక్కెట్టు కొనునప్పుడే చక్రాల కుర్చీని, సహాయకుని కోరవలెను. మందులను చేతిసంచిలో నుంచుకొనవలెను. చేరవలసిన చిరునామాను ఆంగ్లమున వ్రాయించి దగ్గర పెట్టుకొనవలెను. ఒకసారి పోయి వచ్చినవారు, తొలిసారి పోవువారి ఇంటికి వెళ్ళి గంటసేపు కూర్చుండి ఈ సంగతులను తెలియజెప్పుట మన సంఘీయుల ధర్మము.

మరియొక మాట. ఇంత శ్రమపడి చేరిన అవ్వను మనుమడు తెలుగున పలుకరింపలేకపోయినచో ఆ ప్రయాణము సగమే యైనట్లు. ఆ మిగిలిన దూరమును దాటించు భారము తల్లిదండ్రులదే.