తోపు దారి

ఈ తై నెల మొదటి వారంలో మా మామిడితోపు గుత్త మాట్లాడటానికి వ్యాపారి ఇంటికి వచ్చాడు. చెట్టు మీద పూత చూసి బేరం కుదుర్చుకునే రోజులివి. నాయన పోయాక ఇది రెండో బేరం. పోయినేడు పెదనాయన మాట్లాడారు, ఈసారి ఆయనకు ఒంట్లో బాలేదు. అన్న తిరుప్పూరులో ఉద్యోగం. వ్యాపారి గుమ్మంలో నిలబడి నన్ను చూసి, "ఏమ్మా, ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?" అని తమిళంలో అడిగాడు. అమ్మ నా వంక చూసింది. నేను కుర్చీ వేశాను.

కాసే చెట్లు నలభై ఎనిమిది అని ఆయన లెక్క. యాభై ఆరు అని నేనన్నాను. బావి వెనక, వాగు గట్టున ఎనిమిది సప్పట్ట చెట్లున్నాయి. అవి మిగతావాటికంటే మూడు వారాలు ఆలస్యంగా పూస్తాయి, దారిలో నిలబడి చూస్తే కనపడవు. ఆయన కాసేపు ఊరుకొని, "ఎవరు చెప్పారు పాపా?" అన్నాడు. "మా నాయన చూపించారు" అన్నాను. ఆ ఎనిమిదింటికీ కలిపి బేరం మళ్ళీ మొదలైంది. పెరిగిన డబ్బు నా ఈ సెమిస్టరు ఫీజుకు సరిపోయింది.

గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. ఆ చెట్ల సంగతి నాకు తెలిసి రెండేళ్ళు దాటింది, అంతే. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో తోపుకి వెళ్ళేదాన్ని. చిక్కంతో కోసిన కాయల్ని గోనెపట్టా మీద పోస్తుంటే, సొన అంటకుండా ఏరిపెట్టడం నా పని. పెద్దమనిషినయ్యాక అది ఆగిపోయింది. ఎవరూ గట్టిగా వద్దనలేదు. "ఎండ, చెట్లమీద మగవాళ్ళుంటారు, నీకెందుకే" అని అవ్వ అనేది. ఆ తరవాత అయిదారేళ్ళు తోపంటే నాకు ఇంటికొచ్చే పంచవర్ణం బుట్ట, గడ్డిలో మాగే పండ్ల వాసన. మీలో తోపులున్నవాళ్ళ ఇళ్ళల్లోనూ ఇదే కథ. మొన్న మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు మన క్లాసులో అడిగి చూశాను. తమ తోపులో ఎన్ని చెట్లో చెప్పగలిగింది ఒక్కతే. ఆమెకూ అన్నదమ్ములు లేరు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే: ఆడపిల్లలు తోపుకి వెళ్ళాలి. ఒక్క పండ్ల కాలంలో వెళ్తే చాలదు, ఏడాదంతా వెళ్ళాలి. నాయన ఉండగానే, ఆయన పక్కన నడుస్తూ వెళ్ళాలి.

నాకు ఆ ఏడాది అనుకోకుండా దొరికింది. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన ఆడి నెలలో నాయనకు గుండె ఆపరేషన్ అయింది. ఇక బండి నడపొద్దన్నారు. అట్లా ఆయన్ని స్కూటీ వెనక కూర్చోబెట్టుకొని ఆదివారాలు అయ్యనార్ కోవిల్ దారి పట్టాను. మొదట్లో ఆయనకు సిగ్గుగా ఉండేది, కూతురు వెనక కూర్చోవడం. టీ అంగడి దగ్గర ఎవరైనా పలకరిస్తే, "డాక్టరు చెప్పాడులే" అని ముందే సంజాయిషీ ఇచ్చుకునేవారు.

ఆడిలో తోపు చూడటానికి ఏమీ బాగుండదు. కాపు అయిపోయి ఉంటుంది. కొండ మీంచి దిగే గాలి దుమ్ము లేపి కళ్ళల్లో కొడుతుంది. నాయన మాత్రం ఆ నెలలోనే ఎక్కువసేపు ఉండేవారు. ఎండుకొమ్మలు కొట్టించడం, పాదులు చేయించి ఎరువు వేయించడం అప్పుడే. వచ్చే కాపు ఇప్పుడే మొదలైందని చెప్పేవారు. నాకది అర్థం కావడానికి పది నెలలు పట్టింది.

ఐప్పసిలో వాన. కొండకు ఇవతల ఉన్న మనకు అసలు వాన ఆ ఈశాన్య గాలిదే. వాగు పొంగి ఒకరోజు అవతలికి పోలేకపోయాం. గట్టు మీద గొడుగు కింద కూర్చొని, అవతల ఉన్న చెట్లను ఒక్కొక్కటే చూపించి వాటి పుట్టుక చెప్పారు. ఏది తాత నాటింది, ఏది అంటు కట్టింది, ఏది టెంక పడి దానంతటదే మొలిచింది. ఆ ఎనిమిది సప్పట్టలూ మా ముత్తాత నాటినవట. అప్పుడు బావి ఇంకా తవ్వలేదట. వాగు నీళ్ళే కడవలతో మోసి పోశారట, మోసింది ముత్తవ్వ. ఆ మాట చెప్పి నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వానలు వెనకబట్టాక నేను మోటారు వేయబోతే ఆపారు. "ఇప్పుడు నీళ్ళు కట్టొద్దమ్మా. చెట్టుకు కొంచెం దాహం తెలియాలి. కడుపు నిండా తాగితే ఆకు వేస్తుంది, పూత వేయదు." మార్గళి మంచులో పూత వచ్చింది. పూతకు తేనెమంచు పురుగు పడితే ఆకు జిగటగా మెరుస్తుంది, ఆ జిగట మీద నల్లగా మసి పడుతుంది. దూరం నుంచి ఆ మెరుపు చూసి నేను అందంగా ఉందనుకున్నాను, నాయన మందు కొట్టేవాళ్ళకు ఫోన్ చేశారు. మాసిలో పిందెలు రాలుతుంటే నాకు ఏడుపొచ్చింది. "అన్నీ నిలిస్తే కొమ్మ విరుగుతుంది" అన్నారు, ఏరి ఊరగాయకు సంచిలో వేస్తూ. పంగునిలో ఒక తెల్లవారుజామున ఏనుగులొచ్చి పోయాయి. రెండు కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి, తడిమట్టిలో అడుగులు మా వంట పళ్ళెమంత. చిత్తిరైలో కోత.

ఆ మరుసటి ఐప్పసిలో నాయన పోయారు. వాన పడుతూనే ఉంది.

ఇంకొక తోట గురించి కూడా చెప్పాలి, అది మనందరిది. శ్రీవిల్లిపుత్తూర్ నందవనం. బస్సెక్కితే అరగంట. పెరియాళ్వార్‌కు, అంటే మన పుస్తకంలో విష్ణుచిత్తుడికి, ఆండాళ్ తులసి మొక్కల మధ్య పసిబిడ్డగా దొరికిందని చెప్పే చోటు. మన డిపార్ట్‌మెంట్‌లో ఆముక్తమాల్యద చదవనివాళ్ళు లేరు. శ్రీకృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కాడు, కావ్యానికి విష్ణుచిత్తీయం అని ఇంకో పేరుంది, ఆంధ్రవిష్ణువు కలలో కనపడి రాయమన్నాడు, ఇవన్నీ పరీక్షలో రాసేశాం. ఆ కావ్యం జరిగిన ఊరు మన పక్కూరేనని మాత్రం బస్సులో పాల్‌కోవా కొనేటప్పుడు గుర్తుకు రాదు.

నాయనకు తెలుగు చదవడం రాదు. మనలో చాలామందికిలాగే ఆయనకూ మాట తెలుగు, అక్షరం తమిళం. పురట్టాసి శనివారాల్లో గుడికి పోయి, ప్రాకారంలో కూర్చున్నప్పుడు నా నోట్సులోంచి అర్థం చదివి చెప్పేదాన్ని. విష్ణుచిత్తుడు వచ్చినవాళ్ళకు కాలాన్ని బట్టి అన్నం పెట్టే చోటు ఆయనకు బాగా నచ్చింది. వానాకాలం కట్టెలు తడిసి మండకపోతే కొబ్బరికాయల చిప్పలు పొయ్యిలో పెట్టడం, వరుగులూ వడియాలూ వడ్డించడం. ఎండాకాలం చారు, మజ్జిగపులుసు, చెరకురసం, ఊరేసిన పిందెలు. చలికాలం మిరియాలు వేసిన వేడి కూరలు. "పిందె ఊరగాయ అప్పుడూ ఉందా? రాజుకు ఇవన్నీ ఎవరు చెప్పారే?" అన్నారు. తోటకు కాలాలున్నట్టే వంటకూ కాలాలున్నాయని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకే పుస్తకంలో చదివాక తెలిసింది.

ఆ కావ్యం పేరుకు అర్థం, తాను వేసుకున్న దండను దేవుడికి ఇచ్చినది అని. దాన్ని భక్తి అని చదువుకుంటాం, నేనూ కాదనను. కానీ పక్కనే ఇంకో సంగతి ఉంది, ఎవరూ దాని మీద ప్రశ్న ఇవ్వరు. ఆ పిల్ల తండ్రి తోటలో తిరిగింది. ఏ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో తెలిసింది, దండ చేతికి అందింది. "నీకెందుకే" అని ఎవరూ ఆపలేదు. తండ్రి కోప్పడింది దండ వేసుకున్నందుకే, తోటలోకి వచ్చినందుకు కోప్పడలేదు. ఇది నా చదువు. మేడమ్‌లు ఒప్పుకోకపోతే మార్కులు తగ్గించవచ్చు.

కొందరు స్నేహితురాళ్ళు అడుగుతారు: చట్టం మనకు భాగం ఇచ్చింది కదా, ఇంకేం కావాలి? ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఆంధ్రలో 1986లో, మన తమిళనాడులో 1989లో వచ్చింది. ఇక్కడి చట్టం అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లల్ని బయటే ఉంచింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం మిగిలితే, అక్కర్లేదు, అది పుట్టుకతో వచ్చే హక్కని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. సరే. ఇంత జరిగినా, ఎన్ని చెట్లో తెలియని కూతురు కాగితం మీద సంతకం తప్ప ఏం పెట్టగలదు? ఎనిమిది చెట్లు లెక్కలో లేవని ఏ కోర్టు చెబుతుంది? చట్టం హద్దురాయి దాకా తీసుకుపోతుంది. ఆ రాయి ఏ పొద వెనక ఉందో నాయనకే తెలుసు. నాకు పడమటి రాయి ఇప్పటికీ తెలియదు. అడగాలనుకుంటూనే ఆ వాన వచ్చేసింది.

ఇంకో మాట, ఇది నాకే తగిలింది. తోపు లేనివాళ్ళకు ఇదంతా ఎందుకు అని మన క్లాసులో ఒకామె నెమ్మదిగా అడిగింది. వాళ్ళమ్మ స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టుకు పోతుంది. న్యాయమైన ప్రశ్న. ఆడవాళ్ళు తోపుల్లో లేరని పైన రాసుకుంటూ పోయాను, అది తప్పు. కోతకూ ఏరడానికీ కలుపుకూ కూలికి వచ్చేది ఆడవాళ్ళే. రానిది సొంతదారుల ఆడవాళ్ళం. నాయన పోయాక నాకు తోపు చూపిస్తున్నది మా కావలివాడి భార్య. ఏ చెట్టు ఒక ఏడాది కాసి ఒక ఏడాది మానేస్తుందో, కొండ అంచు అడవి నుంచి బూడిదరంగు పెద్ద ఉడుత ఏ కొమ్మకు వస్తుందో ఆమెకు తెలుసు. ఆ ఉడుత కోసమే 1988లో సర్కారు ఆ అడవిని అభయారణ్యం చేసింది, 2021లో పులుల రిజర్వులో కలిపింది. ఆమెకు ఆ సంవత్సరాలు తెలియవు, ఉడుత తెలుసు. మా నాయన ఆమెను ఎప్పుడైనా ఏమైనా అడిగారో లేదో నాకు తెలియదు. నేను అడుగుతున్నాను, ఆమె చెప్పేది నోట్సులో రాసుకుంటున్నాను.

నందవనానికి మాత్రం సొంతదారు పట్టా అక్కర్లేదు. అందుకే మేడమ్‌లకు ఒక విన్నపం. డిపార్ట్‌మెంట్ నుంచి మనం పోయేది ఆడిపూరం రోజున. ఆండాళ్ పుట్టిన నక్షత్రం, పెద్ద తేరు లాగే రోజు, జనం. పోయిన రెండుసార్లూ నాకు కనపడింది ముందు అమ్మాయి జడ. ఊటీ తోటకూ అందరం అట్లాగే పోతాం, మేలో పూల ప్రదర్శనకు. 1848 నుంచి ఉన్న తోట, మిగతా పదకొండు నెలలూ కూడా అక్కడే ఉంటుంది. ఆడిపూరం మానమనను. దానితోపాటు ఒక పురట్టాసి, ఒక మార్గళి, ఒక ఎండాకాలం, మామూలు రోజున, టౌను బస్సులోనే పోదాం. తిరుప్పావై ముప్పై పాటలూ మార్గళివి, ఆ చలిలో ఆ తులసి ఎలా ఉంటుందో చూడాలి. ఆండాళ్‌కు రోజూ ఆకులతో కొత్త చిలకను చేసి చేతిలో పెడతారు, దానిమ్మ పువ్వు దానికి ముక్కు. ఆ చిలకకు ఆకులు ఏ కాలంలో ఎక్కడినుంచి వస్తాయో అడగాలని నాకుంది. వర్షరుతువు వర్ణన క్లాసులో ఫ్యాను కింద చదివాం. ఒకసారి అక్కడ వానలో చదవనివ్వండి. గొడుగులు మేమే తెచ్చుకుంటాం.

అమ్మ మొన్న అడిగింది, పెళ్ళయి పోతే ఆ తోపుతో నీకేం పని అని. జవాబు నా దగ్గర లేదు. అన్న మంచివాడు, అమ్మేద్దామని ఎప్పుడూ అనలేదు. కానీ పోయిన నెల ప్లాట్లు వేసేవాళ్ళు ఫోన్ చేశారని చెప్పి, "నువ్వేమంటావు?" అని నన్ను అడిగాడు. మా ఇంట్లో ఇలాంటి మాట ఒక ఆడపిల్లను అడగడం అదే మొదటిసారి. "ముందు చిత్తిరైలో వచ్చి వారం రోజులుండు, తోపంతా నడుద్దాం, తరవాత మాట్లాడుకుందాం" అన్నాను. సెలవు పెడతానన్నాడు.

ఈ ఆదివారం కావలి అక్కతో పడమటి హద్దు వెతకడానికి పోతున్నాను. ఆ పొదలో తేనెతుట్టె ఉందట, కడ్డీ పట్టుకొని రమ్మంది. సప్పట్టలు ఇంకా పూతకు రాలేదు. ఎవరైనా వస్తానంటే, స్కూటీ వెనక ఒక్కరికి చోటుంది.