ఇంధన పొదుపుతో పాటు ఇంటిలోని గాలికీ దారి ఉండాలి

విజయవాడ: వేసవి తీవ్రతను, విద్యుత్ బిల్లులను తట్టుకొనేందుకు నగరంలోని పటమట వంటి ప్రాంతాలలో గృహ యజమానులు తమ ఇళ్లకు పలు మార్పులు చేయించుకుంటున్నారు. బాల్కనీలను అద్దాల తలుపులతో మూయించడం, వెంటిలేటర్లకు అట్టలు బిగించడం, ఏసీ చల్లదనం బయటకు పోకుండా సందులు పూడ్పించడం వీటిలో ముఖ్యమైనవి. విద్యుత్ ఆదా దృష్ట్యా ఇవి ప్రయోజనకరంగానే కనిపిస్తాయి. అయితే వేడి లోనికి రాకుండా మూసిన దారి, చెడు గాలి బయటకు పోవలసిన దారి కూడా అయినపుడు ఆ ఇంటిలో నివసించేవారి ఆరోగ్యంపై ప్రభావం పడుతుందన్న విషయం గమనించవలసి ఉన్నది.

వంటింటి అనుభవం

ఇంటి ఇంధనంలో మార్పు ఆరోగ్యానికి ఎంత మేలు చేయగలదో చెప్పడానికి వంట గ్యాసే నిదర్శనం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో ప్రారంభమైన దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్లు అందించి, అనేక కుటుంబాలను కట్టెల పొయ్యి పొగ నుండి తప్పించింది. 2016లో కేంద్ర ప్రభుత్వం ఉజ్వల పథకాన్ని చేపట్టింది. ఇంటి లోపలి పొగ, కాలుష్యం కారణంగా 2020 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది మరణించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వీరిలో అయిదేళ్లలోపు పిల్లలు 2.37 లక్షలకు పైగా ఉన్నారు.

గ్యాస్ వచ్చినంత మాత్రాన గాలి అవసరం తీరిపోలేదు. గ్యాస్ మంట నుండి నైట్రోజన్ డయాక్సైడ్, తాలింపు నుండి సూక్ష్మ ధూళి కణాలు వెలువడతాయి. వంటగది పక్కన ఉన్న బాల్కనీని మూసివేస్తే ఇవి పడక గదుల వరకు వ్యాపిస్తాయి. స్నానాల గదిలో అమర్చిన గ్యాస్ గీజరు మరింత ప్రమాదకరం. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మూసిన గదిలో నిమిషాల వ్యవధిలోనే ప్రాణాంతకం కాగలదు.

మూసిన గదిలో జరిగేది

సాధారణ స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోనికి తీసుకురాదు. గదిలోని గాలినే చల్లబరచి తిరిగి వదులుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలకు సుమారు 420 భాగాలు ఉండగా, ఇద్దరు నిద్రించే మూసిన గదిలో తెల్లవారేసరికి ఇది 2,000 దాటడం సాధారణం. ఉదయం తలనొప్పి, మాంద్యం కలగడానికి ఇటువంటి గాలి ఒక కారణం కావచ్చును. ఒకరి జలుబు, దగ్గు ఇంటిల్లిపాదికీ సోకే అవకాశం కూడా పెరుగుతుంది.

కాలువల నగరమైన విజయవాడలో దోమల బెడద తెలిసినదే. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం ఒక దోమల కాయిల్ కాలినపుడు వెలువడే సూక్ష్మ ధూళి 75 నుండి 137 సిగరెట్ల నుండి వెలువడేదానికి సమానం. కిటికీలు మూసి కాయిల్ వెలిగించడం కంటే, కిటికీకి మెష్ బిగించి తెరచి ఉంచడం ఎంతో మేలు. డెల్టా ప్రాంతపు తేమ వలన గాలి ఆడని గోడలపై బూజు పట్టి, ఉబ్బసం ఉన్నవారిని బాధిస్తుంది.

ఇతర దేశాల పాఠం

1973 చమురు సంక్షోభం అనంతరం పాశ్చాత్య దేశాలలో ఇంధనం ఆదా చేసేందుకు భవనాలను బిగుతుగా మూసివేశారు. అమెరికాలో మనిషికి నిమిషానికి అందవలసిన బయటి గాలి కనీస ప్రమాణాన్ని 1981లో 5 ఘనపుటడుగులకు తగ్గించారు. ఫిర్యాదులు పెరగడంతో 1989లో దానిని 15 ఘనపుటడుగులకు పెంచవలసి వచ్చింది.

మన దేశంలో 2018 డిసెంబరులో ఇంధన సామర్థ్య సంస్థ వెలువరించిన ఎకో నివాస్ సంహిత ఈ పొరపాటుకు తావివ్వలేదు. వేడి, తేమ అధికంగా ఉండే ప్రాంతాలలో తెరవగల కిటికీలు, తలుపుల విస్తీర్ణం గదుల నేల విస్తీర్ణంలో కనీసం 16.66 శాతం, అనగా ఆరవ వంతు ఉండాలని నిర్దేశించింది. అయితే ఇది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలలో నిర్మించే కొత్త నివాస భవనాలకు ఉద్దేశించినది. పాత ఫ్లాట్లలో యజమానులు స్వయంగా చేయించుకొనే మార్పులు దీని పరిధిలోకి రావు. పటమటలో అసలు సమస్య ఇక్కడే ఉన్నది.

చేయవలసినది

ఇంటిని మూయకుండానే వేడిని తగ్గించే మార్గాలు ఉన్నాయి. డాబాపై తెల్ల సున్నం లేదా కూల్ రూఫ్ పెయింటు వేయడం, కిటికీలకు బయటి వైపు నీడ కల్పించడం వీటిలో మొదటివి. 75 వాట్ల పాత పంకా స్థానంలో సుమారు 30 వాట్ల బీఎల్‌డీసీ పంకా అమర్చుకోవచ్చును. ఏసీని ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్ ఆదా అవుతుంది. స్టార్ గుర్తింపు గల గది ఏసీలు 24 డిగ్రీల వద్దనే ప్రారంభం కావాలన్న నిబంధన 2020 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

బాల్కనీని మూసినా వంటగదిలో, స్నానాల గదిలో ఎగ్జాస్టు ఫ్యాను తప్పనిసరిగా ఉండాలి. నడుస్తున్నపుడు 1.5 టన్నుల ఏసీ సుమారు 1,500 వాట్లు తీసుకొనగా, చిన్న ఎగ్జాస్టు ఫ్యానుకు 40 వాట్లు చాలును. కనుక గాలి కోసం చేసే ఖర్చు పొదుపును హరించదు. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో చోటు చేసుకున్న నగరాలలో విజయవాడ ఒకటి. అందువలన బెంజి సర్కిల్, ఆటోనగర్ రహదారుల వైపు ఉన్న ఇళ్లవారు రద్దీ వేళలలో ఆ వైపు కిటికీలు మూసి, లోపలి వైపువి తెరచుకోవడం మంచిది.

పగలంతా ఇంటిలో గడిపే వృద్ధులు, పసిపిల్లలు, గృహిణులే ఈ గాలిని ఎక్కువగా పీల్చుతారు. కావున ఇంధన పొదుపుపై ప్రజలకు అవగాహన కల్పించే అధికారులు, వార్తలు అందించే పాత్రికేయులు ఎన్ని యూనిట్లు ఆదా అయినవని అడగడంతో పాటు, ఆ ఇంటికి గాలి ఏ దారిన వస్తున్నదని కూడా అడగవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది.