యంత్రములకు ముక్తారునామా

ఉప్పల్ మెట్రో డిపోయందలి నియంత్రణ కేంద్రమును గూర్చి మన పట్టణవాసులు తలంచుట అరుదు. నాగోలునుండి ఉప్పల్ మీదుగా అమీరుపేటకు 2017 నవంబరులో రైళ్లు నడువనారంభించినది మొదలు, రెండు రైళ్ల నడుమ నుండవలసిన యెడమును, వాని వేగమును కంప్యూటర్లే క్షణక్షణము లెక్కించుచున్నవి. అయినను రైలు ముందుగదిలో ఒక మనుష్యుడు కూర్చుండును. కేంద్రమున కొందరు మేల్కొనియుందురు. యంత్రము పని చేయును, మనుష్యుడు పూచీ వహించును. ఈ యేర్పాటు సరియైనదని మా యభిప్రాయము.

కాని కంప్యూటరు వ్యాపారమున నేడు వేరొక మాట వినవచ్చుచున్నది. బ్యాంకుల లెక్కలు, రైళ్ల టిక్కెట్లు, ఆసుపత్రుల దస్త్రములు నడుపు సర్వరులు చెడకుండ రేయింబవళ్లు కనిపెట్టియుండుట మన యువకులనేకులకు జీవనోపాధి. ఉప్పల్, నాచారము ప్రాంతములనుండి రాత్రిపాళీకి బయలుదేరు వారిలో నిట్టి పనివారును కలరు. ఈ కావలిని సాఫ్ట్‌వేరు ఏజెంట్ల కప్పగించినచో వ్యవస్థ తన్ను తానే పాలించుకొనుననియు, మనుష్యుని జోక్యము అనవసరమనియు కొందరు చెప్పుచున్నారు.

ఈ తలంపు క్రొత్తది కాదు. 2001లోనే ఐ.బి.ఎం. సంస్థవారు దీనిని లోకమునకు వెల్లడించిరి. మన ప్రయత్నము లేకయే గుండె కొట్టుకొనునట్లు కంప్యూటరు వ్యవస్థయు తన్ను తానే అమర్చుకొనవలెను, మెరుగుపరచుకొనవలెను, చెడినచో బాగుచేసికొనవలెను, దాడులనుండి కాచుకొనవలెను అని వారి యాశయము. ఆశయము మంచిదే. మేము యంత్రద్వేషులము కాము. లక్షల కొలది సర్వరులలో క్షణమున కొకటి చెడుచుండ, ప్రతిదానిని చేతితో దిద్దుట మానవసాధ్యము కాదు.

అయినను జరిగినదానిని మరువరాదు. 2025 అక్టోబరు 20న, దీపావళినాడు, అమెరికాలోని వర్జీనియాయందు అమెజాను సంస్థవారి కంప్యూటరు కేంద్రములు తొట్రుపడెను. పేరు చెప్పినచో చిరునామా చూపు పట్టికను అచ్చట ఏజెంట్లే దిద్దుచుండెను. ఒకటి ప్రణాళిక వ్రాయును. వేర్వేరు చోట్లనున్న మరికొన్ని దానిని అమలుపరచును. అమలుపరచువానిలో ఒకటి ఆలస్యమై, పాత ప్రణాళికను క్రొత్తదానిపై పరచెను. అదే సమయమున మరియొకటి పాతవానిని తుడిచివేయు పనిలో నుండి, దానినిగూడ తుడిచివేసెను. రెండును తమ విధిని తాము నెరవేర్చినవే. పట్టిక మాత్రము శూన్యమయ్యెను. ఆ పిమ్మట ఏ ఏజెంటును దానిని తిరిగి వ్రాయజాలకపోయెను. తుదకు మనుష్యులు పూనుకొని చేతితో సరిచేయవలసివచ్చెను. అప్పటికే రెండు గంటలు మించెను. దాని వెనుక పడిన చిక్కులు విడుటకు మరెన్నో గంటలు పట్టెను. ఆ సంస్థవారి కేంద్రములు 2022 నవంబరునుండి హైదరాబాదు ప్రాంతమునను పనిచేయుచున్నవి. కావున ఇది పరదేశపు వార్త యని త్రోసివేయ వీలులేదు.

ఏజెంటు అను మాట మా న్యాయవాదులకు క్రొత్త కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము దీని నెన్నడో విచారించినది. ఆపద్సమయమున యజమానికి నష్టము కలుగకుండ వివేకవంతుడు చేయదగిన పని చేయుటకు 189వ సెక్షను ఏజెంటునకు అధికారమిచ్చినది. అడిగినప్పుడు లెక్క చెప్పవలెనని 213వ సెక్షను, చిక్కు వచ్చినప్పుడు యజమానిని సంప్రదింప యత్నింపవలెనని 214వ సెక్షను శాసించుచున్నవి. అన్నిటికంటె 184వ సెక్షను తలంపదగినది. మైనరుగూడ ఏజెంటు కావచ్చును. అతని చేతలకు యజమాని పరులకు బద్ధుడగును. కాని ఆ మైనరు మాత్రము యజమానికి జవాబుదారి కాడు. సాఫ్ట్‌వేరు చట్టము దృష్టిలో మనుష్యుడే కాదు. అయినను దాని స్థితి యీ మైనరు స్థితిని పోలియున్నది. అది చేసిన తప్పునకు దానిని బోనెక్కింపలేము. నష్టపోయినవాడు ఎవరిని అడుగవలెను? దానికి ముక్తారునామా వ్రాసి యిచ్చినవారినే.

కావున సంస్థలవారిని, వారితో వ్యవహరించు ప్రభుత్వమువారిని మేము కోరునవి మూడు. ఏజెంటు చేసిన ప్రతి మార్పును, దాని కారణమును మనుష్యుడు చదివి గ్రహింపగల లెక్కగా నుంచవలెను. తుడిచివేత వంటి తిరుగులేని పనులకు మనుష్యుని యనుమతి కావలెను. ఇచ్చిన యధికారమును తత్‌క్షణమే తిరిగి తీసికొను మార్గముండవలెను. ఆ మార్గము కాగితముపై నుండిన చాలదు, తరచుగా పరీక్షింపబడవలెను.

ఈ మూడవది మనుష్యులు లేనిదే జరుగదు. ఖర్చు తగ్గునని రాత్రిపాళీవారినెల్ల ఇండ్లకు పంపినచో, పట్టిక శూన్యమైననాడు చేతితో వ్రాయగలవాడు దొరకడు. వాడని విద్య రెండు మూడేండ్లలో మరుపునకు వచ్చును. యంత్రమునకు చాకిరిని అప్పగింపుడు. ఆ చాకిరి నెరిగిన కొందరిని మాత్రము జీతమిచ్చి, అభ్యాసము తప్పనీయక నిలుపుకొనుడు. స్వయంపాలన యనగా ఎవరికిని లెక్క చెప్పనక్కరలేని పాలన కాదు. ఉప్పల్ నియంత్రణ కేంద్రమున మేల్కొనియున్నవారిని చూచి యైనను ఈ సంగతి గ్రహింతురుగాక.