వాన నీటికి జాగా ఏదీ?

మబ్బు పడితే చాలు, బెంగళూరు తూర్పు శివార్లలో గుండెలు గుబగుబలాడుతున్నాయి. 2022 సెప్టెంబరులో అవుటర్ రింగ్ రోడ్డు ఏరైంది. కోట్ల విలువైన విల్లాల వాళ్లు సైతం ట్రాక్టర్లెక్కి బయటపడ్డారు. 2025 మేలో హొరమావు సాయి లేఔట్ మునిగింది. అనంతపురం, చిత్తూరు నుంచి వచ్చి, అప్పుచేసి ఈ శివార్లలో సైటు కొనుక్కున్న తెలుగు కుటుంబాలెన్నో.

సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తునున్న ఊరు మునగడమేమిటి? తప్పు వానదా? కానే కాదు. పెద్ద నది లేని ఈ గట్టు మీద పెద్దలు వాలు చూసి గొలుసుకట్టు చెరువులు తవ్వారు. పై చెరువు మరవ పారితే రాజకాలువ గుండా కింది చెరువు నిండేది. ఆ ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండయింది. సంపంగి చెరువు కంఠీరవ స్టేడియమైంది. మిగిలిన చాలా చెరువుల్లో మురుగునీరే నిండుతోంది. నిండిన కుండలో కొత్త నీరు ఎలా పడుతుంది?

ఎకరం నేల మీద 10 సెంటీమీటర్ల వాన కురిస్తే 4 లక్షల లీటర్లు. పొలంగా ఉన్నప్పుడు కొంత ఇంకేది, కొంత గట్ల వెనక ఆగేది. సిమెంటు పరిచాక దాదాపు అంతా ఒక్కసారే కాలువలోకి దూకుతుంది. కాలువకు గోడలు కట్టేస్తే సరిపోతుందా? నీరు మరింత జోరుగా కిందివాళ్ల మీద పడుతుంది, అంతే!

మందు ఒక్కటే. ఏ లేఔట్ నీటిని ఆ లేఔట్లోనే కాసేపు ఆపాలి. పల్లంలో ఒక గుంట, అడుగున చిన్న తూము, పైన మరవ. వాన వెలిశాక మెల్లగా ఖాళీ అయి, మరో వానకు సిద్ధంగా ఉండాలి. పొలంగా ఉన్నప్పుడు వెళ్లిన జోరును మించి నీరు బయటికి పోకూడదు. ప్లాను మంజూరుకు ఇదే షరతు కావాలి.

అడుగు జాగా బంగారమైన చోట గుంట ఎక్కడ తవ్వమంటారని బిల్డర్లు అడగొచ్చు. పదెకరాల లేఔట్లో ఎకరం పార్కును రెండడుగులు లోతు చేస్తే 24 లక్షల లీటర్లు ఆగుతాయి. ఆ వాన మొత్తంలో సగానికి పైనే! మిగతా రోజుల్లో పిల్లలు అక్కడే ఆడుకోవచ్చు.

ఇది బెంగళూరుతో తీరే గొడవా కాదు. బెళ్లందూరు నీరు వర్తూరు చెరువు దాటి దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు దగ్గరి కెలవరపల్లి డ్యాముకు చేరుతుంది. అక్కడి తెలుగు రైతుల పొలాలకూ అదే నీరు. 2025 సెప్టెంబరు నుంచి నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా పంచారు. వాలును మాత్రం ఎవరూ పంచలేరు. అందుకే ఐదుగురూ కలిసి చెరువుల గొలుసు వారీగా ప్లాను వేయాలి.

సైటు కొనేవారికీ ఒక మాట. ఈశాన్యం ఎటని అడుగుతున్నారు, సరే. వాన నీరు ఎటు పోతుందో కూడా అడగండి.