జిల్లా సగటు పల్లెకు కూడు పెట్టదు

ఎల్.బి.నగర్: తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లాది రాష్ట్రంలోనే మొదటి స్థానం. అయితే ఆ లెక్క యాచారం, మంచాల రైతుల చేతికి వచ్చే రాబడి కాదు. శేరిలింగంపల్లి ఐ.టి. కంపెనీల ఆదాయం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల వ్యాపారం, పల్లెల సేద్యం కలగలిపి తీసిన సగటు అది.

2006-07లో కేంద్రం 'వెనుకబడిన ప్రాంతాల గ్రాంటు నిధి'ని ప్రారంభించినపుడు ఉమ్మడి రాష్ట్రంలోని 13 జిల్లాలను ఎంపిక చేసింది. వాటిలో రంగారెడ్డి ఒకటి. 2015-16 నుంచి కేంద్రం ఆ సాయం ఆపివేసింది. 2016లో వికారాబాద్, మేడ్చల్ వేరు జిల్లాలయ్యాయి. మిగిలిన రంగారెడ్డి కాగితంపై సంపన్న జిల్లాగా నిలిచింది.

ఈలోగా నగరం అంచు పెరిగింది. 2007లో ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మహానగర పాలక సంస్థలో విలీనమయ్యాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి మెట్రో రైలు ఎల్.బి.నగర్ చేరింది. అక్కడ దిగిన సాగర్ రోడ్డు పల్లెవాసికి ఆపై బస్సే దిక్కు. పోటీ పరీక్షల కోచింగు కావాలంటే పల్లె యువకుడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టలులో చేరవలసిందే. ఆ ఫీజు, ఆ అద్దె పల్లె రాబడిలోంచి పోయేవే.

జిల్లా మొత్తాన్ని ఒకే గాటన కట్టి నిధులు పంచితే వెనుకబడిన మండలాలకు అన్యాయం తప్పదు. వెనుకబాటును మండలం వారీగా లెక్కించాలి. తమ మండలం లెక్క వేరుగా చూపాలని గ్రామసభల్లో ప్రజలు గట్టిగా అడగడం అవసరం.