నల్లని ఒంటినీ ఎండ వదలదు

ఎండ నుంచి ఒళ్లు కాపాడుకోవడం పట్నం దొరసానుల పని అని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. నల్లని చర్మానికి కొంత రక్షణ ఉన్నమాట వాస్తవమే. ఎండ వల్ల వచ్చే చర్మపు క్యాన్సర్ మనవాళ్లలో అరుదు. కానీ బుగ్గల మీది మంగు ముదరడం, వయసు రాకముందే ముడతలు, కళ్లలో శుక్లాలు, ఇవి ఎండలో కష్టం చేసేవారిని వదలడం లేదు.

ఎండంటే వేసవి ఒక్కటే కాదు. మన వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి. ఆగస్టులో మన ఆడవాళ్లు కంది చేలల్లో కలుపు తీస్తుంటారు. గాలి చల్లగా ఉందని తల మీద కొంగు కూడా వేసుకోరు. చర్మాన్ని మాడ్చే కిరణాలకు వేడితో పని లేదు, పలచని మబ్బు వాటిని ఆపలేదు.

పత్తి ఏరేటప్పుడు చీర మీద పెనిమిటి పాత పుల్ చేతుల చొక్కా తొడుక్కుంటారు గదా, అది ఏ ఖరీదైన క్రీముకూ తీసిపోదు. కలుపుకూ అదే తొడుక్కోవాలి. చెమటకు తడిసి ఒంటికంటుకున్న పలచని గుడ్డ కన్నా వదులైన దళసరి గుడ్డ మేలు. బొల్లి మచ్చలున్నవారు వాటిని తప్పక కప్పుకోవాలి, అక్కడ రక్షణనిచ్చే రంగే ఉండదు. ఇక చెట్టుకు తొట్టెల కట్టి పసిబిడ్డను పడుకోబెట్టిన తల్లులు గుర్తుంచుకోవాలి: పొద్దు తిరిగితే నీడ జరుగుతుంది, తొట్టెల జరగదు.

మంగు పోవాలని చీటీ లేకుండా కొనే పూతమందుల సంగతి మరీ విచారకరం. కొన్నింటిలో స్టిరాయిడ్ ఉంటుంది. మొదట ముఖం తెల్లబడినట్టే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎండ తగిలితే భగ్గున మండుతుంది. డాక్టరు చీటీ లేనిదే స్టిరాయిడ్ పూతమందులు అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఔషధ తనిఖీ అధికారులు మన మండల కేంద్రాల దుకాణాల వైపు కూడా ఒకసారి చూడాలి.

అన్నిటికన్నా కష్టం తాండూరు నాపరాయి గనుల కూలీలది. పైన ఎండ, కింద బండ సెగ, మధ్యలో చెట్టు ఉండదు. యాభై మందికి మించి పనిచేసే గనిలో కూలీలు అన్నం తిని సేదతీరేందుకు నీడ, తాగునీరు ఉండాలన్న మాట 1952 నాటి గనుల చట్టంలోనే ఉండేది. చిన్న గనుల వాళ్లకూ ఒళ్లు ఒళ్లే గదా! నాలుగు గుంజలు పాతి రేకులు వేయడం ఏ యజమానికీ భారం కాదు. వేసవి ముదరకముందే అధికారులు ఆ పని చేయించాలి.