తక్కువ తీసిన దర్శకుడు

ఈ సంచిక బి.నర్సింగరావు సినిమాల మీద. దశాబ్దాల కళాజీవితంలో ఆయన దర్శకత్వం వహించిన కథాచిత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీన్ని వైఫల్యమనేవాళ్లున్నారు. మాకలా అనిపించదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 'మా భూమి' నిర్మించాక అదే ఊపులో మరో పోరాట చిత్రం తీయడం ఆయనకు తేలిక. తీయలేదు. 'రంగుల కల' (1983)లో నగరంలోని ఒక చిత్రకారుడి సంఘర్షణను ఎత్తుకుని, ఆ పాత్ర తానే వేశారు. 'దాసి' (1988)లో తిరుగుబాటు కనిపించదు. గడిలో కమలాక్షి రోజువారీ చాకిరీని, దొర వల్ల వచ్చిన గర్భాన్ని సైతం ఆమె నిలుపుకోలేని స్థితిని కెమెరా తొందరపడకుండా చూస్తుంది. నినాదానికి అందనిది ఆ నిదానానికి అందింది. బొమ్మలు గీసి, ఫొటోలు తీసి అలవాటైన చూపు అది. సినిమాకూ సినిమాకూ మధ్య ఆయన ఊరికే కూర్చున్నారనడం అందుకే తప్పు.

అవార్డులకే తప్ప జనానికి చేరలేదన్నది ఇంకో ఆక్షేపణ. ఉత్తమ నటిగా అర్చనకు వచ్చినదానితో కలిపి 'దాసి'కి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. హాల్లో చూసినవాళ్లు తక్కువే, ఒప్పుకుంటాం. కానీ 'మా భూమి' హైదరాబాద్‌లో ఉదయం ఆటలుగా చాలాకాలం ఆడింది, చూసింది మామూలు జనమే. కాబట్టి లోపాన్ని ప్రేక్షకుడి అభిరుచిలో కాదు, పంపిణీలో వెతకాలి. హాళ్లు ఎవరి చేతుల్లో ఉన్నాయో మా పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు.